చేతివాటం కాదు, చేయి వాడకపోవడం

ఏంబలం అంగన్‌వాడీకి వచ్చే పసివాడికీ, పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రికీ నడుమ దూరం ఎక్కువ కాదు. దాటడం కష్టమైనది ఇంట్లో వినిపించే ఒక మాట: “వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు.” సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఆ ఓదార్పు ఎన్నో విలువైన నెలలను హరిస్తుంది.

ఎదుగుతున్న మెదడుకు గర్భంలోనో, ప్రసవ సమయంలోనో, పుట్టిన తొలిరోజులలోనో దెబ్బ తగిలి, కదలికలూ భంగిమా అదుపు తప్పడమే ఈ స్థితి. కష్టప్రసవం దీనికి మూలమని 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ చెప్పగా, బీజం గర్భంలోనే పడి ఉండవచ్చునని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాదించాడు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. మెదడుకు తగిలిన దెబ్బ ముదరదు. వచ్చిన విద్యలను బిడ్డ ఒక్కొక్కటిగా మరచిపోతున్నట్లయితే వైద్యుడు వేరే జబ్బును అనుమానించాలి.

అన్నింటికంటె మోసపుచ్చే లక్షణం చేతివాటం. ఎనిమిది నెలల పాప ప్రతి బొమ్మనూ ఎడమచేతితోనే అందుకుంటే ఇంటివారు ముచ్చటపడతారు. కాని ఏడాది నిండకముందు ఏ బిడ్డకూ స్థిరమైన చేతివాటం ఏర్పడదు. అప్పుడు చూడవలసినది వాడుతున్న చేతిని కాదు, వాడని చేతిని. నాలుగు నెలలు దాటినా పిడికిళ్ళు విప్పకపోవడం, మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, గుడ్డ మార్చేటప్పుడు కాళ్ళు కత్తెరవలె బిగుసుకోవడం కూడా ఉపేక్షింపదగినవి కావు. నెలలు నిండక పుట్టినవారి వయస్సును ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కించాలి.

దీనిని తేల్చే రక్తపరీక్ష లేదు. మూడు నుంచి ఐదు నెలల మధ్య మేలుకొని పడుకున్న శిశువు మెడలో, కాళ్ళుచేతులలో నిరంతరం సాగే సన్నని కదలికలను హైంజ్ ప్రెహ్టల్ పద్ధతిలో పరిశీలిస్తారు; అవి లేకపోవడం బలమైన సూచన. హామర్‌స్మిత్ నాడీ పరీక్ష, ఎం.ఆర్.ఐ. స్కాన్ తోడైతే ఆరు నెలలలోపే నిర్ధారణ సాధ్యమని 2017లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించారు. స్కాన్ మామూలుగా ఉన్నంతమాత్రాన అనుమానం తొలగదు. చూపూ వినికిడీ కూడా పరీక్షించాలి.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుమార్లు పరీక్షించాలి. తల్లి తన అనుమానాన్ని చెప్పుకోవడానికి అది తగిన తరుణం. అయితే చంటిబిడ్డ విషయంలో ఆ రోజు కోసం ఎదురుచూడక ముందే ఆసుపత్రికి తీసుకువెళ్ళడం మేలు. నిర్ధారణ వెంటనే తేలకపోయినా, “ప్రమాద సూచనలున్న శిశువు” అని నమోదు చేసి వ్యాయామ చికిత్స ఆరంభించవచ్చును.