డీసీఎం మీద డెట్రాయిట్

పెళ్లిళ్ల సీజన్ రాగానే తాండూరు, వికారాబాద్ వీధుల్లో డీసీఎం వ్యాన్ల మీద డీజే బాక్సులు లేస్తాయి. వాటితో పాటే హైదరాబాద్ రికార్డు సేకర్తల కనుబొమలూ లేస్తాయి. డెట్రాయిట్ టెక్నో ప్లేటుకు వేలు పోసి, దుమ్ము తుడిచి, కవర్లో దాచుకునే పెద్దమనిషి బరాత్ పాట వినగానే చెవులు మూసుకుంటాడు. అదంతా గోలేనట! ఈ వారం ఒళ్లు మండింది ఆ మాటకే.

ఇంతకీ ఆయన బీరువాలో ఉన్నదేమిటి? టెక్నోకు పునాది వేసిన వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ డెట్రాయిట్ అవతల బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ రికార్డులు తిప్పింది తన చెల్లెలు పెట్టిన పార్టీలో. హెర్క్ జమైకాలో పుట్టినవాడు. వీధిలో నిలువెత్తు స్పీకర్లు పేర్చి జనాన్ని ఆడించడం అక్కడ అప్పటికే రివాజు. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కను రెండు ప్లేట్ల మీద మార్చి మార్చి సాగదీశాడతను. మన కుర్రాళ్లూ జానపద పాటలో పల్లవి కోసి, కింద తీన్‌మార్ వేసి, మధ్యలో తమ పేరు అరిపించి వదులుతారు. ఆ తీన్‌మార్ డప్పు బిడ్డ. హైదరాబాద్ బరాత్‌ల మర్ఫా అయితే నిజాం కొలువుకు వచ్చిన సిద్దీలు, అరబ్బులు ఇచ్చిపోయిన ఆస్తి.

ప్రయోగాత్మక సంగీతమా? 1980లో బెర్లిన్‌లో మొదలైన ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ బృందం డ్రిల్లింగ్ మిషన్లనూ ఇనుప రేకులనూ వాయిస్తే లోకం కళ అంది. తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్ల పక్కన పెరిగిన పిల్లలకు అది రోజూ వినే పాటే.

అసలు బాధ వేరే ఉంది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సింథసైజర్ యంత్రాలతో పది రాగాలను డిస్కో దరువుకు కట్టి హెచ్‌ఎంవీకి ఎల్పీ చేశాడు. పెద్దగా ఎవరూ కొనలేదు. 2002లో ఢిల్లీలో ఓ డచ్ సేకర్త కంట పడి, 2010లో మళ్లీ విడుదలయ్యాక గానీ, 1987 నాటి చికాగో యాసిడ్ హౌస్ ధ్వని అందులో అయిదేళ్ల ముందే పలికిందని లోకం గుర్తించలేదు. ప్లేటు మీద ఉంది కాబట్టి దొరికింది. మన డీజేల పాటలున్నది పెన్‌డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో. కార్డు పాడైతే పాట పోయినట్టే.

ఇక చట్టం సంగతి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. సరే, ముసలివాళ్ల గుండెలు, పసిపిల్లల నిద్ర ముఖ్యమే. మరి అనంతగిరి చుట్టూ వెలిసిన రిసార్టుల మాటేమిటి? శనివారం రాత్రి అక్కడి బాస్‌కు నెమళ్లకు నిద్ర ఉండదు. కార్లలో వచ్చినవాళ్లు వింటే టెక్నో, డీసీఎం వెనక నడిచేవాళ్లు ఆడితే గోల! బరాత్ బాక్సులకు చూపే నిబంధననే రిసార్టు స్పీకర్లకూ చూపాలి.

జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక హార్డ్ డిస్కు కొని ఈ పాటలు దాచడం మొదలుపెట్టాలి. అందాకా మీ ఇంటి బరాత్‌కు వచ్చిన డీజే కుర్రాణ్ని అడిగి ఒక కాపీ తీసుకోండి. దాని మీద అతని పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి.