మెట్లెక్కితే పోయే నొప్పి కాదు

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడుతోందంటే విశాఖపట్నంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మాటలు మొదలవుతాయి. కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. ఓపిక ఉన్నవాళ్లు, ఇష్టం ఉన్నవాళ్లు నడుస్తారు. దానితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ నడకను మందుగా రాసిచ్చేవాళ్లతోనే. ‘ఒళ్లంతా నొప్పులా తల్లీ? లేవలేకపోతున్నావా? ఈసారి అప్పన్నకు మొక్కుకుని కొండ చుట్టి రా, నొప్పులన్నీ ఆయనే తీసేసుకుంటాడు’ అని పక్కింటి పిన్నిగారు చెబుతుంది, పొద్దున్నే టీవీలో కూర్చున్న ప్రవచనకర్త చెబుతాడు. ఆ కొండ కాకపోతే అరుణాచలం చుట్టూ 14 కిలోమీటర్లు, అదీ కాకపోతే అలిపిరి నుంచి 3,550 మెట్లు. శరీరాన్ని ఎంత కష్టపెడితే దేవుడి మనసు అంత కరుగుతుందన్నదే ఈ వైద్యం మొత్తానికి మూలసూత్రం. అది ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోనక్కర్లేదు. కటిక ఉపవాసాలు, పొర్లుదండాలు చూసిన ఎవరికైనా తెలుసు.

ఈ మందే విషమయ్యే జబ్బు ఒకటుంది. దాన్ని మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనీ, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనీ పిలుస్తారు. తరచు ఏదో వైరస్ జ్వరం వచ్చి తగ్గాక మొదలవుతుంది. నెలలు గడిచినా వదలని నీరసం, ఎంత పడుకున్నా తీరని అలసట, మాట్లాడుతూనే మాట మరిచిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. వీటన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఇంకొకటి: శక్తికి మించి ఏ కొంచెం పని చేసినా ఒంట్లో ఉన్న బాధలన్నీ ఒక్కసారిగా విజృంభిస్తాయి. అదీ వెంటనే కాదు, చాలాసార్లు 12 గంటల నుంచి 48 గంటల తర్వాత. మళ్లీ మునుపటి స్థితికి రావడానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. కొందరు రానే రారు.

ఈ ఆలస్యమే రోగిని నలుగురిలో అబద్ధాలకోరును చేస్తుంది. మేనకోడలి పెళ్లిలో పట్టుచీర కట్టుకుని పీటల దగ్గర నిలబడ్డ మనిషిని ఊరంతా చూస్తుంది. మూడో రోజు తలుపులేసిన గదిలో గ్లాసెడు నీళ్లు ఎత్తుకోలేక పడుకున్న మనిషిని ఎవరూ చూడరు. ‘పెళ్లిళ్లకు ఓపికుంటుంది గానీ వంటింట్లోకి రావడానికి ఉండదు’ అనే మాట మాత్రం ఆ గది దాకా వినిపిస్తుంది.

ఫైబ్రోమయాల్జియా దీనికి దగ్గరి జబ్బు. మూడు నెలలకు మించి ఒళ్లంతా నొప్పి, తెల్లారి లేచేసరికి బిగుసుకుపోయిన మెడా నడుమూ, నిద్రపోయినా నిద్రపోయినట్టు ఉండకపోవడం. జనాభాలో 2 నుంచి 4 శాతం మందికి ఉంటుందని అంచనా; ఆడవాళ్లే ఎక్కువ. కీళ్లు వాయవు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది. ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. రెండిటినీ పట్టిచ్చే రక్తపరీక్ష ఇప్పటికీ ఆస్పత్రుల్లో లేదు. ‘రిపోర్టులన్నీ నార్మల్’ అని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్ల మనసు కుదుటపడాలి. పడదు, అనుమానం మొదలవుతుంది. రిపోర్టులో లేని నొప్పికి ఏదో ఒక కారణం చెప్పాలి. కారణాలు మన ఊళ్లలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి: గాలి సోకింది, దిష్టి తగిలింది, ఎవరో ఏదో చేయించారు, ఏలినాటి శని, పూర్వజన్మ పాపం. ఇవేవీ కుదరకపోతే ఒళ్లు వంగకపోవడం.

ఈ వ్యాసకర్త మేనత్తకు ఇవన్నీ అంటగట్టారు. గోదావరి జిల్లాలో పాడీ పంటా ఉన్న ఇల్లు ఆమెది. రెండో కాన్పు తర్వాత వచ్చిన జ్వరం తగ్గింది గానీ మనిషి కోలుకోలేదు. భుజాలు, మెడ, నడుము, పిక్కలు, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే అనేది. ‘నీ ఈడువాళ్లు నాట్లేసి వస్తున్నారే, నీకేమొచ్చింది?’ అని అత్తగారు రోజూ అడిగేది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి నరాల బలహీనత అని చెప్పి సెలైన్ ఎక్కించి వెళ్లేవాడు. సెలైన్‌కు పెట్టే డబ్బు దండగ అనిపించిన రోజున భూతవైద్యుణ్ణి పిలిచారు. అతను ఆమెను వాకిట్లో ముగ్గులో కూర్చోబెట్టి, మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొట్టాడు. ముట్టుకుంటేనే నొప్పి అన్న మనిషిని కొట్టాడు. ఆమె ఏడిస్తే గాలి ఏడుస్తోందన్నాడు, ఏడవడానికి కూడా ఓపిక లేక ఆగిపోతే గాలి దిగిపోయిందన్నాడు. మర్నాడు ఆమె లేచి గేదెకు కుడితి పెట్టిందని చుట్టాలంతా అతని మహిమ చెప్పుకున్నారు. ఆ తర్వాత ఎన్నాళ్లపాటు మంచం దిగలేకపోయిందో ఆ మహిమలో చేరలేదు. ఆమెది ఏ జబ్బో ఏ డాక్టరూ చెప్పలేదు, ఇప్పుడు ఇక్కడ కూర్చుని పేరు పెట్టడం సరికాదు. నొప్పిగా ఉందని చెప్పినందుకు ఆమెను కొట్టారు. అది చెప్పకుండా ఊరుకోవడమూ సరికాదు.

తాయెత్తు కట్టాక తగ్గిందని ప్రమాణం చేసి చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. ఈ జబ్బులు హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. మనిషి తాయెత్తు కోసం పరుగెత్తేది బాధ మరీ హెచ్చినప్పుడే. హెచ్చిన బాధ కొన్నాళ్లకు దానంతటదే కొంత దిగుతుంది. దిగినప్పుడు ఘనత తాయెత్తుది. మళ్లీ హెచ్చితే తప్పు రోగిది. నియమం తప్పింది, మైల తగిలింది, నమ్మకం చాలలేదు అంటారు. మంత్రం, తాయెత్తు, కవచం రోగాలు కుదురుస్తాయని ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం స్పష్టంగా నిషేధించింది. డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ చట్టం పుట్టాక పుట్టినవాళ్లు ముసలివాళ్లయ్యారు, ప్రకటనలు మాత్రం గోడల మీంచి టీవీలోకీ, టీవీలోంచి ఫోన్లలోకీ వచ్చేశాయి.

అయితే ఈ పాపమంతా భూతవైద్యుల మీదే వేస్తే హేతువాదం సగంలో ఆగిపోయినట్టే. ఆధారం లేని నమ్మకం తెల్లకోటు వేసుకుని కూడా వస్తుంది. 1955 జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో ఒక వింత జబ్బు చెలరేగింది. సిబ్బందిలోనే 292 మంది పడిపోయారు. ఆస్పత్రిని అక్టోబరు దాకా మూసేయాల్సి వచ్చింది. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అని పేరుపడ్డ ఈ జబ్బును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లో నాడీ వ్యవస్థకు సంబంధించిన వాటిలో చేర్చింది. ఆ మరుసటి ఏడాదే మెక్‌ఎవెడీ, బియర్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు ఒక్క రోగినీ పరీక్షించకుండా, పాత కేసు కాగితాలు తిరగేసి, అదంతా మాస్ హిస్టీరియా అని తేల్చారు. పడిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. మా మేనత్త ఊళ్లో చెప్పిన కారణానికీ దీనికీ తేడా ఎక్కడుంది?

అక్కడితో ఆగలేదు. రోగులు కదలడానికి భయపడి బలహీనపడ్డారనీ, భయం పోగొట్టి రోజురోజుకూ వ్యాయామం పెంచితే కోలుకుంటారనీ బ్రిటన్‌లో ఒక సిద్ధాంతం గట్టిపడింది. 641 మందితో చేసిన పేస్ ట్రయల్ ఫలితాలు 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. వ్యాయామం, మాటలతో చేసే చికిత్స బాగా పనిచేశాయన్నారు. ఆ రెండు చికిత్సల్లోనూ 22 శాతం మంది కోలుకున్నారని 2013లో ప్రకటించారు. అసలు సంగతి కొలతలో ఉంది. శారీరక సామర్థ్యం స్కోరు 65 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే ట్రయల్‌లో చేర్చుకున్నారు, కోలుకున్నట్టు లెక్కించడానికి మాత్రం అదే స్కోరు 60 ఉంటే చాలన్నారు. అంటే ఆ కొలత వరకూ, చేరినప్పటికంటే దిగజారిన మనిషి కూడా గట్టెక్కినట్టే. ఆస్ట్రేలియాలోని ఒక రోగి వివరాలు ఇవ్వమని పట్టుబడితే, 2016లో ట్రిబ్యునల్ ఆదేశించాక గానీ ట్రయల్ నడిపిన యూనివర్సిటీ బయటపెట్టలేదు. మొదట రాసుకున్న నియమాల ప్రకారం మళ్లీ లెక్కగడితే వ్యాయామంతో కోలుకున్నవాళ్లు 4 శాతం, మామూలు వైద్యంతో కోలుకున్నవాళ్లు 3 శాతం. 2021 అక్టోబరులో బ్రిటన్‌లోని నైస్ సంస్థ వైద్య మార్గదర్శకాల నుంచి ఆ వ్యాయామ చికిత్సను తొలగించారు. ఈలోగా ‘ఇంకో రెండు నిమిషాలు నడువు’ అన్న మాట విని నడిచి మంచానికి అంటుకుపోయామని చెప్పిన రోగులు ఎందరో. అలిపిరి మెట్లు ఎక్కమన్నవాళ్లూ, ట్రెడ్‌మిల్ ఎక్కమన్నవాళ్లూ నమ్మింది ఒకటే: రోగి చెప్పేది నమ్మనక్కర్లేదని.

నమ్మాల్సిందని ఒంటి లోపలి సాక్ష్యాలే చెబుతున్నాయి. 2002లో గ్రేస్లీ అనే పరిశోధకుడి బృందం ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల బొటనవేలి మీద కొద్దిపాటి ఒత్తిడి పెట్టి మెదడును స్కాన్ చేసింది. ఆరోగ్యవంతుల్లో అంతకంటే చాలా ఎక్కువ ఒత్తిడికి గానీ మేలుకోని నొప్పి కేంద్రాలు వీళ్లలో ఆ కాస్తకే మేలుకున్నాయి. 2021లో బ్రిటన్, స్వీడన్ శాస్త్రవేత్తలు ఈ రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, ఆ ఎలుకలు ఒత్తిడికీ చలికీ విలవిల్లాడాయి. ఎలుకకు టెన్షన్ తగ్గించుకోమని ఎవరు చెబుతారు? 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కోవిడ్ తర్వాత కోలుకోని 25 మందికి సైకిల్ తొక్కించి, ముందూ వెనకా కండ ముక్కలు తీసి చూశారు. శ్రమ తర్వాత కండరాలు దెబ్బతినడం వాటిలో కనిపించింది. 2025లో డీకోడ్ ఎంఈ అధ్యయనం 15,579 మంది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ రోగుల జన్యువులను పరిశీలించి, ఈ జబ్బుతో సంబంధమున్న ఎనిమిది చోట్లను గుర్తించింది.

రెండు జబ్బులనూ ఒకే గాటన కట్టడమూ ప్రమాదమే. ఫైబ్రోమయాల్జియాలో ఒంటికి ఓర్చుకోగలిగినంత నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచే నడక, ఈత మేలు చేస్తాయి; కొద్ది మోతాదులో అమిట్రిప్టిలిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటీన్ లాంటి మందులు కొందరికి ఊరటనిస్తాయి. శ్రమ తర్వాత కుప్పకూలే జబ్బులో మాత్రం ఉన్న శక్తిని కొలుచుకుని వాడుకోవడమే దారి. ఉన్నది ఏ జబ్బో తేల్చగల డాక్టరు దగ్గరకు వెళ్లకముందే, వాతం పోగొడతామంటూ సంచుల్లో పొడులు అమ్మేవాళ్ల చేతికి జనం చిక్కుతున్నారు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం ఎన్నోసార్లు బయటపడింది. మొదటి వారం నొప్పి మాయమవుతుంది. తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికే వస్తుంది.

ఇంకో అన్యాయం కూడా ఈ తాయెత్తుల చాటున దాగుతోంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ల నీరసానికి ఇనుము మాత్ర చాలవచ్చు. థైరాయిడ్, బి12, విటమిన్ డి లోపాలకూ మందులున్నాయి. దిష్టి తీయించిన డబ్బుతో అయ్యే పరీక్షలు చాలా ఉన్నాయి. అవన్నీ చేయించాక కూడా కారణం దొరకకపోతే, ఊళ్లో ఆశా కార్యకర్త నుంచి పట్నంలో స్పెషలిస్టు దాకా ప్రతివాళ్లూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పని చేసిన రెండు రోజుల తర్వాత ఎలా ఉంటోందమ్మా? జవాబు విని రాసుకోవాలి. మొక్కులు రద్దు చేయాలి. వంటింట్లో నిలబడే పని ఇంట్లో మగవాళ్లు పంచుకోవాలి. తరిగే పని కూర్చుని చేసుకునేలా ఎత్తైన స్టూలు వేయాలి, పడుకున్న మనిషిని లేపకూడదు.