పక్కవాద్యం పెట్టెలో దూరింది – డోలు కొట్టేవారి మాటేమిటి?

మొన్న వేసవి ముహూర్తాల్లో దమ్మపేట వైపు ఓ పెళ్లికి వెళ్లాను. పందిట్లో వెనుక వరుస కుర్చీలో తెలిసిన ముఖం ఒకటి కనిపించింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్లి అంటే ఆయన క్యాసియో ఉండి తీరవలసిందే. ఆ రోజు మాత్రం ఆయన భోజనానికి వచ్చిన చుట్టం. బయట ట్రాక్టరు ట్రాలీ మీద డీజే పెట్టెలు గుండెలదిరేలా మోగుతున్నాయి. "ఇంక మమ్మల్ని పిలిచేదెవరు తమ్ముడూ? డీజే వచ్చి మా పొట్ట కొట్టింది" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. నేను బడికి పోయే రోజుల్లో మా ఊళ్లో డోలు కొట్టే పెద్దాయన అచ్చంగా ఇదే మాట అన్నాడు. అన్నది ఈయన క్యాసియోను చూసే.

మన పల్లెల్లో మెట్లున్న కరెంటు వాయిద్యం ఏదైనా సరే క్యాసియోయే. పైన యమహా అని రాసి ఉన్నా క్యాసియోయే. వనస్పతిని డాల్డా అన్నట్టు. అయితే ఈ పెట్టె గొప్పతనం మెట్లలో లేదు, మెట్లు హార్మోనియానికీ ఉన్నాయి. ఎడమచేతి పక్కన ఉండే తాళం మీటల్లో ఉంది. ఒక మీట నొక్కితే డ్రమ్ములు మొదలవుతాయి. ఎడమచేత్తో రెండు మూడు మెట్లు కలిపి పట్టుకుంటే ఆ స్వరాలకు తగినట్టు బేసు గిటారు, వయొలిన్లు తమంతట తామే పలుకుతాయి. మెట్లు మార్చితే అదే అల్లిక కొత్త శ్రుతికి జరుగుతుంది. పాట మొదలుకు ఒక మీట, చరణానికీ పల్లవికీ మధ్య దరువుకు ఒకటి, ముగింపుకు ఒకటి. కుడిచేత్తో పాట వరస వాయిస్తే చాలు, ఆరుగురి పని ఒక్కడు చేసినట్టే.

ఇది ఒక్క రోజులో పుట్టిన వస్తువు కాదు. అమెరికాలో వుర్లిట్జర్ అనే కంపెనీ 1959లో తాళం వేసే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టింది. లోపల మోటారుతో ఓ చక్రం తిరుగుతుంటే దానికి తగిలే కరెంటు మొనలు దెబ్బ మీద దెబ్బ వేసేవి. దానికి వారు పెట్టిన పేరు సైడ్ మ్యాన్, అంటే పక్కవాద్యగాడు. పేరులోనే ఎవరి కూడుకు ఎసరు వస్తున్నదో చెప్పుకున్నారన్నమాట. అంతకు ముందే 1950లో హామండ్ కంపెనీ ఒక్క బొత్తాం నొక్కితే స్వరాల గుంపు పలికే ఆర్గాను తెచ్చింది. 1970ల నాటికి తాళమూ బేసూ స్వరాల గుంపూ కలిసి వాటంతట అవే మోగే పెద్ద ఆర్గాన్లు అక్కడి ఉన్నవారి ఇళ్లలోకి చేరాయి. బీరువా అంత వస్తువు అది, ధర కూడా అలాంటిదే.

దాన్ని చంకలో పెట్టుకుపోయే వస్తువుగా మార్చినవారు జపాను వారు. లెక్కల యంత్రాలు చేసుకునే క్యాసియో కంపెనీ 1980లో క్యాసియోటోన్ 201 అనే తొలి వాయిద్యాన్ని తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన కాషియో అన్నదమ్ములలో తోషియో గారికి సంగీతమంటే ప్రాణమట, ఎవరైనా వాయించగల వాయిద్యం చేయాలని ఆయన కోరిక. 1981లో వచ్చిన వీఎల్-1 అయితే ఒకే పెట్టెలో లెక్కల యంత్రమూ వాయిద్యమూ. యమహా వారు కూడా 1980లోనే పోర్టాసౌండ్ పేరుతో చిన్న పెట్టెలు తెచ్చారు. రెండు కంపెనీల పోటీలో ధర దిగింది. ఆ దిగిన ధరే ఏళ్లు గడిచాక మన అడవి ఊళ్ల దాకా నడిచి వచ్చింది.

దీనివల్ల మేలు జరగలేదని నేను అనను. కొత్తగూడెం నుంచో ఖమ్మం నుంచో ఆరుగురి ఆర్కెస్ట్రాను పిలిపించుకునే స్తోమత చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేలకు ఎక్కడిది? ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద పెట్టె కట్టుకుని వస్తే పెళ్లికి సంగీతం వచ్చినట్టే. గూడెం చర్చిలో ఆదివారం ప్రార్థనకు, బడి వార్షికోత్సవానికి, శ్రీరామనవమి పందిట్లో భజనకు ఇదే పెట్టె. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. డప్పు, డోలు పట్టినవాడిని మనం పందిరి బయట ఎండలో నిలబెట్టాం. క్యాసియో వాయించేవాడికి వేదిక మీద కుర్చీ వేసి టీ ఇచ్చాం. డోలు కొట్టే ఇంటి పిల్లవాడు ఆ పని వద్దనుకున్నాడంటే తప్పు పెట్టెది ఒక్కదానిదే ఎట్లా అవుతుంది?

అయినా ఒక ముచ్చట మనసులో ముల్లులా ఉండిపోయింది. కొన్నేళ్ల క్రితం ఓ కొత్తల పండుగలో ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరసగా రేల పాట ఎత్తుకున్నారు. ఏదో ఉత్సాహంతో క్యాసియో కుర్రవాడు తాళం మీట నొక్కాడు. మొదటి రెండు చరణాలూ బాగానే ఉన్నాయి. ముందు పాడే ముసలమ్మ ఊపిరి తీసుకోవడానికి అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగింది. పెట్టె ఆగలేదు. ఆమె అందుకునేసరికి దెబ్బ దాటిపోయింది. వెనుక వరుస అడుగు ఒకటి, ముందు వరుస అడుగు ఒకటి అయింది. నవ్వుకుంటూ విడిపోయారు. డోలు ఉంటే ఆ ముసలమ్మ ముఖం చూసి ఓ దెబ్బ సాగదీసేవాడు, పాట తెగేది కాదు.

నా అభ్యంతరమల్లా ఇక్కడే ఉంది. పక్కవాద్యం అన్న మాటకు అర్థం పాడేవారి పక్కన నడవడం. పద్యనాటకంలో నటుడు రాగం ఎంత సేపు తీస్తే అంత సేపు హార్మోనియం వాయించేవాడు కాచుకుని ఉంటాడు. తాళం మీట నొక్కిన పెట్టె ముందు మాత్రం మనిషే పక్కవాద్యం అయిపోతాడు. దాని వేగం ఒక అంకె. ఆ అంకెను చేత్తో మార్చితే తప్ప అది మారదు.

అలాగని పెట్టెను వెలివేయమనడం తెలివి కాదు. ఆ పని ఇదివరకు జరిగింది. ఫ్రాన్సులో పుట్టిన హార్మోనియం కలకత్తాలో మన చేతికి అనువుగా మారి దేశమంతా పాకింది. మన గమకం దానిలో పలకదని చెప్పి ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. ముప్పయ్యేళ్లలో హార్మోనియం పోయిందా? మన రాములవారి గుడి భజన దాని మీదే సాగింది. లండనులో కూడా 1982లో సంగీతకారుల సంఘపు శాఖ ఒకటి ఇలాంటి యంత్రాలను నిషేధించాలని తీర్మానం చేసింది. యంత్రాలు ఆగలేదు.

మరి దారి ఏది? ఒక ఉదాహరణ చెబుతాను. 1980లో క్యాసియోలో ఉద్యోగంలో చేరిన ఒకుడా హిరోకో అనే యువతికి జమైకా దీవి సంగీతం అంటే ఇష్టం. 1981లో వచ్చిన ఎంటీ-40 అనే చిన్న పెట్టెకు ఆమె తాళాలు కూర్చింది. అందులో ఒకదాని మీద 1985లో జమైకాలో వేన్ స్మిత్ అనే గాయకుడు పాడిన పాటతో ఆ దేశపు సంగీతమే దారి మళ్లింది. పెట్టెలో ఉన్న తాళం ఆకాశం నుంచి ఊడిపడదు, ఎవరో ఒక మనిషి కూర్చినదే అని దీనివల్ల తెలుస్తున్నది. ఎవరి తాళం అందులోకి వెళ్లిందో వారి పాట బతుకుతుంది.

ఇప్పుడు మన దేశం కోసమే చేసిన పెట్టెలు ఉన్నాయి. యమహా వారి పిఎస్ఆర్-ఐ500, క్యాసియో వారి సిటికె-7300ఐఎన్ అలాంటివే. తబలా, తంబురా, సితారు అన్నీ వాటిలో పలుకుతాయి. భాంగ్రా ఉంది, దాండియా ఉంది. నేను చూసిన ఏ పెట్టెలోనూ కోయ డోలు లేదు. కొమ్ములు కట్టుకుని ఆడే పెర్మకోర్ ఆటకు వేసే దెబ్బ లేదు. మన దప్పు దరువుల ఊసు లేదు. జపాను వారికి తెలియకపోవడం తప్పు కాదు. మనం చెప్పలేదు గదా!

చెప్పవలసినవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద నోటితో చెప్పిన సకిని రామచంద్రయ్య గారు మణుగూరు మండలం కూనవరం మనిషి (శబరి ఒడ్డున ఉన్న కూనవరం కాదు). 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. కథలు రాసుకోవచ్చు, ఆ కథల కింద మోగిన దెబ్బ రాతలో నిలవదు.

భద్రాచలం ఐటిడిఎ వారికి గిరిజన మ్యూజియం ఉన్నది. కొత్తగూడెంలో ఆకాశవాణి ఉన్నది. ఈ రెండూ కలిసి ఏజెన్సీ మండలాలలో మిగిలిన డోలు, డప్పు పెద్దలను పిలిచి, ఒక్కొక్క పండుగకు ఒక్కొక్క దరువు చొప్పున రికార్డు చేయవలసి ఉన్నది. వచ్చినవారికి భోజనం పెట్టి పంపడం కాకుండా పనికి తగిన డబ్బు ఇవ్వాలి. దరువు పక్కన వాయించినవారి పేరు, ఊరు పేరు ఉండాలి. ఆ దరువులను గురుకులాల పిల్లలకు, క్యాసియో వాయించే కుర్రాళ్లకు అందుబాటులో పెట్టాలి. కాస్త మంచి రకం పెట్టెల్లో మన సొంత తాళం ఎక్కించుకునే వీలు ఉన్నది. అది కష్టమైన విద్య కాదు, రెండు రోజులు చూపిస్తే వచ్చేదే.

ఇక పెళ్లిళ్లు చేసే పెద్దలకు ఒక మాట. డీజేకు పోసే సొమ్ములో కొంత తగ్గించి ఎదురుకోలు వేళకైనా డోలు వారిని పిలవండి. పిలిచిన వారికి పందిట్లో కుర్చీ వేయండి.

ఆ పెళ్లిలో భోజనాలయ్యాక మా క్యాసియో అన్న ఇంటికి తీసుకువెళ్లి గుడ్డ కప్పి ఉన్న పెట్టెను తీసి చూపించాడు. సొంత తాళాలు దాచుకోవడానికి దానిలో ఖాళీ గదులు ఉన్నాయట. "కొన్న నాటి నుంచి ఒక్కటీ నింపలేదు తమ్ముడూ" అన్నాడు. డోలు పెద్దాయన మనవడు పక్క వీధిలోనే ఉంటున్నాడని, డోలు ఇంకా అటక మీదే ఉందని కూడా ఆయనే చెప్పాడు. ఈసారి పండుగకు ముందు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే పని నేను ఒప్పుకుని వచ్చాను.