లాంగ్ టర్మ్‌కు ముందు తప్పుల లెక్క
ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్‌లో అనుకున్న ర్యాంకు రాక, మరో ఏడాది అదే పరీక్షకు చదవడాన్ని తెలుగు రాష్ట్రాల్లో లాంగ్ టర్మ్ అంటారు. నీట్‌ను ఎన్నిసార్లయినా రాయవచ్చు, గరిష్ఠ వయోపరిమితి లేదు. అయితే ఏ ఏడాది స్కోరు ఆ ఏడాది ఎంబీబీఎస్ ప్రవేశాలకే చెల్లుతుంది గనుక మళ్లీ మొత్తం పరీక్ష రాయాల్సిందే. 2025 పద్ధతి ప్రకారం 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. 170 ప్రశ్నలకు జవాబు పెట్టి 40 తప్పు చేసినవారికి 480 వస్తాయి. ఆ తప్పుల్లో సగం వదిలేసినా 500, ఆ సగం సరిచేసుకుంటే 580. రెండో ఏడాదికి అసలు పని ఇక్కడే ఉంది. అయినా చాలామంది పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తారు. వచ్చిన పాఠమే మళ్లీ చదివితే ధీమా పెరుగుతుంది గానీ మార్కులు పెరగవు. ముందు పాత ప్రశ్నపత్రాన్ని ఫైనల్ కీతో సరిచూసి, ప్రతి మార్కూ తెలియక పోయిందా, తొందరపాటులో పోయిందా, సమయం చాలక పోయిందా అని విడదీయాలి. తెలియనివాటికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠం, తొందరపాటుకు తప్పుల నోటుబుక్కు, సమయానికి గడియారం పెట్టుకుని రాసే మాక్ టెస్టు అవసరం. సరిదిద్దుకోగల తప్పులు ఎక్కువగా తేలితే లాంగ్ టర్మ్ ఫీజు కట్టడం సబబు. లేకుంటే ఈఏపీసెట్‌తో వచ్చే అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లను వదులుకోకపోవడమే మేలు.