ఒక గోడకు రంగు



సంక్రాంతి పిండివంటలను గూర్చి గతమాసమున వ్రాసి ముగించుచు, రాబోవు నెలలో గోడల రంగులను గూర్చి ముచ్చటింతుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట చెల్లించుకొనుటకు ముందు మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది.

నాలుగేండ్ల క్రిందట మా యింటికి రంగులు వేయించినపుడు గదులన్నియు తెల్లగా నుండవలెనని మేమే పట్టుపట్టితిమి. గోడ తెలుపు, ద్వారబంధము తెలుపు, తలుపు తెలుపు, బీరువా సయితము తెలుపు. వచ్చినవారందరు ఇల్లు మల్లెపూవువలె నున్నదనగా మేము పొంగిపోతిమి. గత శ్రావణమాసమున ఒక రాత్రి మా అత్తగారు మంచినీళ్లకై లేచి, తలుపనుకొని బీరువా అంచున చేయి వేసి, పట్టు దొరకక తూలి పడిరి. ఎముక విరుగలేదు గాని మణికట్టు మూడు వారములు వాచియుండెను. ఆమెకు డెబ్బది యెనిమిదేండ్లు. కన్నులు రెంటను శుక్లములు ముదిరినవి. ఒంటిలో చక్కెర అదుపునకు వచ్చువరకు శస్త్రచికిత్సకు వీలులేదని వైద్యులు చెప్పియుండిరి.

"చూపు బాగానే ఉందమ్మాయీ, నిద్రమత్తులో పడ్డాను" అని అత్తగారు చెప్పుచునే యుండిరి. అట్లు నమ్ముటయే మాకును సుఖముగా నుండెను. మరునాటి మాపటివేళ మా వారు దీపము వెలిగింపకయే ఆ గదిలో కొంతసేపు నిలుచుండి, "తలుపెక్కడ ఉన్నదో నాకే తెలియడం లేదు" అన్న పిమ్మట గాని మాకు బుద్ధి రాలేదు.

గదిలో మూడు గోడలను లేతరంగున నుంచి నాలుగవదానికి మాత్రము వేరు రంగు వేయుట ఇటీవలి వాడుక. సాధారణముగా మంచము తలగడ వైపు గోడను గాని, అడుగుపెట్టగానే ఎదుటబడు గోడను గాని అందుకు ఏర్పరతురు. అది చూచువారి కంటికి విందు. మాకు కావలసినది నడచువారికి దారి. కనుక తలుపున్న గోడకే రంగు వేసి, తలుపును ద్వారబంధమును తెల్లగా నుంచవలెనని నిశ్చయించితిమి. ఏ రంగని ఆలోచించుటకు ముందు ఏ గోడయని ఆలోచించుట మేలని అప్పుడే మాకు తోచినది. రంగుల కార్డు చేతికి వచ్చినచో ఈ విచారము మనస్సునకు రానే రాదు.

కార్డు మా పెద్దమ్మాయి తెచ్చినది. కళాశాలలో చదువుచున్నది గనుక దానికి బూడిదరంగుపై మోజు. ఇపుడందరు అదియే వేయుచున్నారట. భరతముని నాట్యశాస్త్రమున రసములకు రంగులు చెప్పుచు కరుణరసమునకు కపోతవర్ణమును, అనగా పావురపు బూడిదరంగును, కేటాయించినాడని మేము జ్ఞాపకము చేయగా అమ్మాయి మూతి ముడుచుకొన్నది. రంగుల మేస్త్రీ నిగనిగలాడు మెరూను వేయుమనెను. మా వారు నిత్యము సుద్దపొడితో మెలగువారగుటచే, "మరక కనబడనిదేదైనా సరే" అనిరి. మాకు నెమలికంఠపు నీలముపై మనసుపడినది. ఎవరిని అడుగవలెనో వారినొక్కరినే ఎవ్వరమును అడుగలేదు!

అడిగిననాడు ఆమె, "నా గదికి రంగులెందుకమ్మా? అవన్నీ మీ మామగారితోనే పోయాయి" అనిరి. మామగారు గతించి ఆరేండ్లయినది. ఆ మాటకు మా వారు తల వంచుకొని వెలుపలికి పోయిరి. మేమే ధైర్యము తెచ్చుకొని, "ఇది అలంకారమునకు కాదు అత్తయ్యగారూ, మళ్లీ పడకుండటానికి" అంటిమి. ఆమె బదులు పలుకలేదు.

కార్డుపై తపాలాబిళ్లంత మేర చూచి రంగు కొనుట పెద్ద పొరపాటు. ఆ బిళ్ల చుట్టును తెల్లకాగితముండును. గోడయంత పరచినపుడు అదే రంగు మరింత గాఢముగా కనబడును. రెండడుగుల అట్టముక్కలకు రెండేసి పూతలు వేసి, ఆరిన పిమ్మట, రంగు వేయదలచిన గోడకే నిలువుగా ఆనించి, ఉదయము, మధ్యాహ్నము, దీపములు పెట్టిన పిదప చూడవలెను. నేలపై పరచి చూచిన ప్రయోజనము లేదు. నేలపై పడు వెలుగు వేరు, గోడపై పడు వెలుగు వేరు. దీపము సంగతియు మరువరాదు. ఎల్.ఇ.డి. బల్బు పెట్టెపై 2700 కెల్విన్ అని యున్నచో ఆ వెలుగు పసుపుదేలి యెరుపులను పండించును. 6500 అని యున్నచో తెల్లగా చలువగా నుండి యెరుపులను వెలవెల బోవజేయును. మా గది పడమటిది. సాయంకాలపుటెండ కిటికీలోనుండి వచ్చి ఆ గోడపైననే పడును గనుక, కార్డుమీద ముద్దుగా నున్న నారింజరంగు అయిదుగంటలకు నిప్పువలె మండినది. దానిని వెంటనే తీసివేసితిమి.

మా నెమలికంఠపు అట్టను మాపటివేళ అత్తగారికి చూపి, "ఇదేమి రంగు?" అని యడిగితిమి. "నలుపు" అనిరి. బూడిదరంగు అట్టను చూపగా గోడయే యనుకొనిరి. అమ్మాయియు మేమును మొగమొగములు చూచుకొంటిమి. వయసు ముదిరినకొలది కంటిలోని కటకము పసుపు బారును. శుక్లము ముదిరినచో గోధుమవన్నె తిరుగును. పసుపు అద్దము గుండ చూచినట్లు, నీలివెలుగు అందులోనే ఆగిపోవును. అందుచేత నీలము, ఊదా, ఆకుపచ్చ ఒకదానితో నొకటి కలిసిపోయి చీకటిగా తోచును. ఎరుపు, పసుపు జాతులు అంతగా చెడవు. మనకు ముచ్చటయిన రంగు వారికి రంగే కాదన్నమాట.

మూడవ అట్ట ఎర్రమన్ను వన్నెది. అత్తగారు దానిని చేతిలోనికి తీసికొని, "ఇది జాజు కదమ్మా!" అనిరి. అటుపై అరగంట మేము నోరు మెదపలేదు. కాపురమునకు వచ్చిన కొత్తలో సంక్రాంతికి ముందు జాజు నానబెట్టి, పాతగుడ్డతో గోడల అడుగున పట్టె తీర్చి, దానిపై సున్నపు ముగ్గులు వేసినదంతయు చెప్పిరి. అమావాస్యనాడు సయితము అరుగంచు కనబడుచుండెడిదట. మేము ఇంతగా తలలు బ్రద్దలుకొట్టుకొన్నది ఆ తరమువారు మన్నుతోను సున్నముతోను చేసియుండిరి. "మరి ఈ రంగు వేయించమంటారా?" అని యడుగగా, "జాజు రంగేమిటి, మన్ను. వేయించు" అనిరి.

జాజులోని యెరుపు ఇనుము వలన వచ్చినది. నేటి డబ్బాలలోని మట్టియెరుపులకును ప్రాయికముగా అదియే మూలము. ఎండకు వెలిసిపోవు గుణము దానికి తక్కువ. పడమటి గోడలున్నవారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక. గోడకును తలుపునకును వన్నెలో గాక వెలుగులో భేదముండవలెను. కంపెనీలవారు ప్రతి రంగునకు వెలుగును తిరిగి పంపు పాలు నూటికింత యని లెక్కకట్టుదురు. అడిగినచో దుకాణదారు చెప్పును. వృద్ధులకు, చూపు తక్కువవారికి రెంటి నడుమ 30 పాళ్లయినను తేడా యుండవలెనని ఇంగ్లండువారి భవననిర్మాణ ప్రమాణములలో నున్నది. అంత లెక్క అక్కరలేనివారు చేతిఫోనుతో నలుపు తెలుపు ఛాయాచిత్రము తీసి చూడవచ్చును. అందులో తలుపు గోడలో కలిసిపోయినచో వృద్ధుల కంటికిని కలిసిపోవునని తెలిసికొనవలెను.

మేస్త్రీ చెప్పిన నిగనిగ వలదంటిమి. మెరయు గోడపై దీపము ప్రతిఫలించినచో శుక్లములున్న కంటికి మిరుమిట్లు గొలుపును. మెరుపులేని ఎమల్షన్ వేయించితిమి.

గోడ అడుగున చెమ్మ యుబికి ఉప్పు పొంగియుండుటచే వానలు వెలిసి గోడ ఆరువరకు, అనగా కార్తికము చివరివరకు, ఆగవలసివచ్చినది. చెమ్మపై ఎంతటి ఖరీదైన రంగు వేసినను పొక్కి రాలిపోవును. తలుపు గీకించుటలో మాత్రము మిక్కిలి జాగరూకత వహించితిమి. అది తాతలనాటి తలుపు. దానిపై ఎన్ని పూతలున్నవో ఎవరెరుగుదురు? పాత ఎనామిల్ రంగులలో సీసముండెడిది. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు ముందరి పూతను పొడిగా గీకినచో లేచు ధూళి పసిపిల్లల మెదడునకు చేటు. కనుక తడిపి గరుకుకాగితముతో రుద్దించి, చిన్నవానిని ఆ మూడు దినములు పక్కింటిలో నుంచి, నేల తడిగుడ్డతో తుడిపించితిమి. మేస్త్రీ పని ఆలస్యమగుచున్నదని విసుగుకొన్నాడు. విసుగుకొననిండు.

రెండు లీటర్లు కొనగా పావువంతు మిగిలినది. డబ్బా మూతపై రంగు సంఖ్య, గది పేరు, సంవత్సరము వ్రాసి అటకమీద నుంచితిమి.

సంక్రాంతి వెళ్లిన వారమునకు అత్తగారి కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది. కట్టు విప్పిన మరునాడు ఆమె మంచముపై కూర్చుండి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరచి, ఆ గోడనే మార్చి మార్చి చూచుచుండిరి. "ఈ కంటికి ఎర్రమన్ను, ఆ కంటికి పాతబెల్లం" అని నవ్విరి. పిదప కుడికన్నే తెరచి పైకి చూచి, "అమ్మాయీ, కప్పు దగ్గర ఆ మేస్త్రీ గీత వంకరగా పోనిచ్చాడు, నువ్వు చూచుకోలేదా?" అనిరి. మేము బల్లయెక్కి చూచితిమి. నిజముగానే వంకర. ఆదివారమునాడు మేస్త్రీని రమ్మని కబురంపితిమి.