గజ్జెల ఘల్లు, తప్పెట మోత

పిల్లలూ! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తప్పెటగుళ్ళు చూశారా? రొమ్మున కట్టిన తప్పెటలు మోగుతాయి. కాలి గజ్జెలు ఘల్లుమంటాయి. ఆ ఆటనే కంప్యూటరులో పెట్టి చిన్న స్పీకరుతో వింటే గజ్జెలు బాగానే వినిపిస్తాయి గాని, తప్పెట మోత పలచబడుతుంది. ఎందుచేత?

సెకనుకు 60 సార్లు కంపించే శబ్దపు అల పొడవు గాలిలో 5 మీటర్లకు పైనే! అటువంటి అలను గట్టిగా లేపాలంటే చాలా గాలిని కదిలించాలి. అందుకే సబ్‌వూఫరు అనే పెద్ద పెట్టె.

కంప్యూటరు తీగ ముందు సబ్‌వూఫరుకు, అక్కడినుంచి కుడి ఎడమ స్పీకర్లకు వెళ్ళాలి. సుమారు 80 కంపనాలకు దిగువనున్న శబ్దాలను సబ్‌వూఫరు తాను వుంచుకుని, పైవాటిని స్పీకర్లకు పంచుతుంది. స్టూడియో స్పీకర్ల లోపలే ఆంప్లిఫయరు వుంటుంది కనుక, దేని కరెంటు తీగ దానికే.

తీగలు కలిపేటప్పుడు కరెంటు ఆపి, పెద్దవాళ్ళను దగ్గర వుంచుకోండి. ముందు కంప్యూటరు, చివర స్పీకర్లు వెయ్యాలి. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు. లేకపోతే ‘ధబ్’మన్న దెబ్బకు స్పీకరు పాడుకావచ్చు. ధ్వని బాగా తగ్గించి, మెల్లగా పెంచండి. తప్పెటా, గజ్జే ఒకే ఆటగాడి దగ్గరనుంచి వస్తున్నట్టుంటే, సరిగా కలిపారన్నమాట!