"పిచ్చి" అని తేల్చేసేముందు

హెచ్ఐవీ ఉన్న స్త్రీ ఉన్నట్టుండి పొంతనలేకుండా మాట్లాడితే, రాత్రంతా నిద్రలేకుండా తిరిగితే, కన్నబిడ్డల్నే గుర్తుపట్టకపోతే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఊళ్ళో అయితే దయ్యం. ఆస్పత్రిలో అయితే "ఆ జబ్బున్నవాళ్ళకి చివరికి ఇంతే". రెండూ చేసేపని ఒకటే: వెతకడం ఆపెయ్యడం.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద దాడిచేసి వాపు తెచ్చే జబ్బులున్నాయి. వాటిలో ఒకటైన ఎన్ఎండీఏ రిసెప్టార్ ఎన్‌సెఫలైటిస్‌ని 2007లో జోసెప్ దల్మావ్ బృందం వివరించింది. ఆ 12 మంది రోగులూ స్త్రీలే, దాదాపు అందరికీ అండాశయంలో కణితి. మొదట బయటపడేవి మానసిక లక్షణాలే కనక ఇలాంటివాళ్ళు ముందు చేరేది పిచ్చాసుపత్రికే. ఆడదాని ప్రతి ఆవేదననీ గర్భసంచికి అంటగట్టి హిస్టీరియా అని పేరుపెట్టిన వైద్యం, కారణం నిజంగానే అండాశయంలో ఉన్నప్పుడు మాత్రం అటు చూడ్డానికి ఇన్నేళ్ళు తీసుకుంది!

రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో ఈ దాడి ఎలా జరుగుతుందని అడుగుతారు. హెచ్ఐవీ ఆ వ్యవస్థని బలహీనపరచడమే కాదు, అదుపు తప్పిస్తుంది కూడా. మందులు మొదలయ్యాక అది కోలుకునే దశలోనూ వాపు రావచ్చు. వైరస్ అదుపులో ఉన్నవాళ్ళలో సైతం సీడీ8 కణాలు మెదడులో చేరి వాపు తెచ్చిన ఉదంతాల్ని 2013లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు. దానికి చికిత్స ఉందనీ చెప్పారు.

క్షయ, టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్ ఉన్నాయేమో ముందు చూడాలి. అవి ఉండగా స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. దాంతో నాకు పేచీ లేదు. అవి లేవని తేలాక, వెన్నులోంచి తీసిన నీటిని యాంటీబాడీ పరీక్షకి పంపకుండా "ఇంటికి తీసుకుపొండి" అనడంతోనే నా పేచీ. పరిశోధన కోసం నేను మాట్లాడినవాళ్ళలో ఒకామెని మంచానికి కట్టేశారు. స్కానింగు చేయించమని తల్లి అడిగితే, ఎదురు ప్రశ్న "ఈమె మొగుడేం చేసేవాడు?"

ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. అది పోరాడి సాధించుకున్నది, తక్కువ చెయ్యను. కానీ మాత్రలిచ్చాం కదా అని తక్కిన శరీరాన్ని వదిలేస్తే ఎలా? హెచ్ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం, మధ్యలో ఆపడం నేరుగా నిషేధించిన 2017 చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఎన్ఎండీఏ జబ్బుకి చికిత్స తీసుకున్న 500 మందికి పైగా రోగుల్ని గమనించిన 2013 అధ్యయనంలో, రెండేళ్ళకల్లా సుమారు 80 శాతం మంది బాగా కోలుకున్నారు.

అందుకే మన సంఘాలు వార్డుల్లోకి వెళ్ళి ఒకటే అడగాలి: ఈ పరీక్ష చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో కేసుషీటులో రాసి, సంతకం పెట్టండి.